టీనేజర్లకు మీడియాను విప్పి చూడటం నేర్పడం ఎలా: శరీరం, ప్రేమ, ఆరోగ్య నిర్ణయాలపై ఆరు తరగతుల మార్గదర్శి

మీడియా, శరీరం, ప్రేమ గురించి పిల్లలతో మాట్లాడాలనుకునేవాళ్లలో చాలామంది అశ్లీల వీడియోలతోనే మొదలుపెడతారు. పెద్దవాళ్ల భయమంతా అక్కడే ఉంటుంది కాబట్టి. గది బిగుసుకుపోతుంది. వెనక బెంచీలో నవ్వులు, ముందు బెంచీలో తల దించుకున్న మొహాలు కనబడతాయి. ఆ తర్వాత ఎన్ని తరగతులు పెట్టినా ఎవరూ నోరు విప్పరు.

ఇక్కడి వరస దానికి తిరగేసి ఉంటుంది. మొహమాటం లేని చోట, అంటే ప్రకటనతో మొదలవుతుంది. తర్వాత శరీరం, సినిమా ప్రేమ, ఫోన్‌లో కనబడే ఆరోగ్య సలహాలు వస్తాయి. అశ్లీల వీడియోలు, ఫొటోల వేధింపులు ఐదో వారం తరగతికి గానీ రావు. అప్పటికి పిల్లల చేతిలో ఐదు ప్రశ్నలు ఉంటాయి, మీ మీద కాస్త నమ్మకం కూడా ఉంటుంది.

వారానికి ఒకటి చొప్పున ఆరు తరగతులు, ఒక్కోటి 45 నిమిషాలు. ఒక గుంపులో 25 మందికి మించకూడదు. 12–14 ఏళ్లవాళ్లను, 15–17 ఏళ్లవాళ్లను కలపకండి.

## 1. రెండు వారాల ముందు చేయాల్సిన పని

ఇంటికి ఉత్తరం. ఏ తరగతిలో ఏ విషయం వస్తుందో, ఏం చూపిస్తారో, ఏం చూపించరో ఒక పేజీలో రాసి తల్లిదండ్రులకు పంపండి. ‘అశ్లీల దృశ్యాలేవీ చూపించం’ అన్న వాక్యం ఉత్తరంలో తప్పకుండా ఉండాలి. అభ్యంతరాలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

క్లిప్పులు. 30 నుంచి 60 సెకన్ల నిడివి ఉన్నవి ఎనిమిది చాలు. ముందే సేవ్ చేసి పెట్టుకోండి. తరగతిలో వెబ్‌సైట్ నేరుగా తెరిస్తే పక్కన సిఫారసుల్లో ఏం వస్తుందో మీ చేతిలో ఉండదు. మీ సొంత అకౌంట్ అసలు తెరవకండి. పిల్లలు క్లిప్పు చూడరు, మీ ఫీడ్ చూస్తారు.

మాటలు. పురుషాంగం, యోని, నెలసరి, స్వప్నస్ఖలనం, హస్తప్రయోగం, కండోమ్, సమ్మతి... ఈ మాటలను ఇంట్లో గట్టిగా పదిసార్లు పలికి రండి. హాస్యంగా అనిపించే సలహాయే, కానీ తరగతిలో మీ గొంతు తడబడితే ఆ మాట తప్పుదన్న సంగతి పిల్లలకు చేరిపోతుంది. ‘అక్కడ’, ‘అది’, ‘ఆ పని’ లాంటి డొంకతిరుగుళ్లూ అదే పాఠం చెప్తాయి.

ఎవరికి చెప్పాలి. తరగతి మధ్యలో ఒక బిడ్డ తనకు జరిగిన వేధింపు గురించి చెప్పొచ్చు. మీ దేశ చట్టం ప్రకారం ఎవరికి తెలియజేయాలో, ఎంత గడువులోనో, కౌన్సెలర్ ఎవరో ముందే రాసి జేబులో పెట్టుకోండి. ‘ఎవరికీ చెప్పను’ అని మాత్రం ఎప్పుడూ మాటివ్వకండి.

మొదటి రోజుకు ముందు చూసుకోవలసినవి:

- క్లిప్పులన్నీ చివరి సెకను దాకా ఒకసారి చూశారా
- మూత, తాళం ఉన్న ప్రశ్నల పెట్టె
- ఒకే సైజు చీటీలు, ఒకే రంగు పెన్నులు
- ఐదు ప్రశ్నలు రాసిన అట్ట, గది చివర్నుంచి కనబడేంత పెద్ద అక్షరాల్లో
- కౌన్సెలర్ ఆ రోజు అందుబాటులో ఉంటారా

## 2. ప్రశ్నల పెట్టెను సరిగ్గా వాడటం

పెట్టె చాలామంది పెడతారు, కానీ అందులో చీటీలు పడవు. రాస్తున్నవాళ్లు ఎవరో అందరికీ కనబడుతుంది మరి.

ప్రతి తరగతి చివర రెండు నిమిషాలు అందరూ రాయాలి. ప్రశ్న లేనివాళ్లు ‘ఈ రోజు నాకు అడగాల్సిన ప్రశ్న ఏదీ లేదు’ అని పూర్తి వాక్యం రాయాలి. అన్ని పెన్నులూ కదులుతుంటే ఎవరు ఏం రాస్తున్నారో పక్కవాళ్లు పట్టుకోలేరు.

చీటీలు అక్కడికక్కడే తీసి చదవకండి. ఇంటికి తీసుకెళ్లి చదివి, జవాబులు సరిచూసుకుని, వచ్చే వారం చెప్పండి. వెటకారంగా రాసిన చీటీలోనూ ఒక్కోసారి నిజమైన ప్రశ్న దాగి ఉంటుంది. బూతు మాట తీసేసి, అసలు ప్రశ్నను మామూలు మాటల్లో చదివి జవాబివ్వండి. రెండో వారానికి వెటకారం తగ్గుతుంది.

ఎవరైనా ప్రమాదంలో ఉన్నారనిపించే చీటీ వస్తే దాన్ని బయటికి చదవకండి. చేతిరాత పట్టుకుని పిల్లల వెంట పడకండి కూడా. మర్నాడే అందరికీ కలిపి, ఎవరిని ఎప్పుడు ఒంటరిగా కలవవచ్చో చెప్పండి. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మాత్రం ఆ రోజే కౌన్సెలర్ చేతికి ఇవ్వాలి.

## 3. మొదటి తరగతి: ఒక ప్రకటన, ఐదు ప్రశ్నలు

మొదటి పది నిమిషాల్లో, ఈ ఆరు తరగతుల్లో వచ్చే విషయాల మీద, పేరు రాయనక్కర్లేని చిన్న పరీక్ష పెట్టండి. పదే వాక్యాలు, ప్రతిదానికీ ‘నిజం’, ‘అబద్ధం’, ‘తెలియదు’ అన్న మూడు గడులు. ఇవే కాగితాలు ఆరో తరగతిలో మళ్లీ పనికొస్తాయి.

తర్వాత అట్ట మీది ఐదు ప్రశ్నలు:

1. దీన్ని ఎవరు చేశారు, డబ్బు ఎవరు పెట్టారు?
2. మన చూపు లాగడానికి ఏం వాడారు? వెలుగు, సంగీతం, ముఖం, నవ్వు?
3. ఇందులో ఎవరు గొప్పగా కనబడుతున్నారు, ఎవరు తక్కువగా?
4. ఏం వదిలేశారు?
5. నాకు కాకుండా వేరేవాళ్లకు ఇది ఎలా అనిపిస్తుంది?

నాలుగోదే అసలైన ప్రశ్న. తెర మీద ఉన్నది అందరికీ కనబడుతుంది, లేనిదాన్ని వెతకడానికే అలవాటు కావాలి. సమయం చాలకపోతే మిగతావి తగ్గించండి, దీన్ని తగ్గించకండి.

మొదటి క్లిప్పుగా శరీరానికి సంబంధం లేని ప్రకటన తీసుకోండి. కూల్‌డ్రింక్ అయినా, ఫోన్ అయినా సరే. ఒకసారి మామూలుగా, రెండోసారి శబ్దం తీసేసి, మూడోసారి బొమ్మ కనబడకుండా శబ్దం మాత్రమే. రెండోసారికి సగం ఉత్సాహం ఎక్కడికి పోయిందో పిల్లలే చెప్తారు.

‘మా మీద ఇవేం పనిచేయవు’ అనేవాళ్లు ప్రతి గదిలోనూ ఉంటారు. మీడియా ప్రభావం తన మీద కన్నా పక్కవాళ్ల మీదే ఎక్కువని మనిషి అనుకుంటాడు. 1983లో డేవిసన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ ధోరణికి ‘మూడో వ్యక్తి ప్రభావం’ అని పేరు పెట్టాడు. పిల్లలతో వాదించకండి. రెండు చీటీలు ఇచ్చి, ‘ప్రకటనల ప్రభావం నా మీద ఎంత’, ‘నా తోటివాళ్ల మీద ఎంత’ అని పదికి మార్కులు వేయించి రెండు సగటులూ బోర్డు మీద రాయండి. చాలా గదుల్లో రెండో అంకె పెద్దదిగా ఉంటుంది. అందరూ ‘నేను తప్ప’ అంటే మిగిలింది ఎవరని అడిగి ఊరుకోండి.

## 4. రెండో తరగతి: శరీరం, వెలుగు, ఫిల్టర్

ఒక తెల్ల కాగితాన్ని నలిపి, మళ్లీ చదును చేసి గోడకు అంటించండి. గది చీకటి చేసి, ఫోన్ టార్చిని కాగితానికి సరిగ్గా ఎదురుగా పట్టండి. ముడతలు దాదాపు మాయమవుతాయి. ఇప్పుడు టార్చిని గోడకు ఆనించినట్టు పక్కనుంచి పట్టండి. ప్రతి ముడతా కొండలా లేస్తుంది.

కాగితం అదే. ‘ముందు, తర్వాత’ ఫొటోల కిటుకులో సగం ఇదే. ‘ముందు’ ఫొటోలో ఎదుటి వెలుగు, జారిన భుజాలు, వదిలేసిన పొట్ట. ‘తర్వాత’ ఫొటోలో పక్క వెలుగు, ఒంటికి నూనె, అప్పుడే కసరత్తు చేసి ఉబ్బించిన కండ, బిగబట్టిన ఊపిరి. రెండూ ఒకే రోజు తీసి ఉండొచ్చు.

ఫిల్టర్ చూపించాలంటే మీ ముఖం మీదే చూపించండి. పిల్లల ముఖం మీద వద్దు. ఫిల్టర్ వేసినప్పుడు గదిలో వచ్చే ‘అబ్బా బాగుంది’ అన్న ఒక్క మాట ఆ బిడ్డతో చాలాకాలం ఉండిపోతుంది.

ప్రకటనల్లో మార్చిన శరీరం ఫొటోలకు గుర్తు ఉండాలని 2017లో ఫ్రాన్స్‌లో నిబంధన అమల్లోకి వచ్చింది. నార్వేలో అలాంటి చట్టం 2022లో అమలైంది. ఈ సంగతి చెప్తే పిల్లలు దీన్ని తమ ఒక్కరి బెంగగా చూడటం మానేస్తారు.

దీనితోపాటే చెప్పాల్సిన ఆరోగ్య విషయాలు:

- యౌవన మార్పులు ఆడపిల్లల్లో సాధారణంగా 8–13 ఏళ్ల మధ్య, మగపిల్లల్లో 9–14 ఏళ్ల మధ్య మొదలవుతాయి. ఒకే తరగతిలో ఒకరు ముందు, ఒకరు వెనక ఉండటం మామూలే.
- నెలసరి మొదలైన తొలి ఏళ్లలో 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా సాధారణమే. 28 రోజులన్నది సగటు మాత్రమే.
- కండల కోసం వాడే అనబాలిక్ స్టెరాయిడ్లు ఎముకల చివర్లను తొందరగా మూసేసి పొడవు పెరగకుండా ఆపగలవు, వృషణాలను కుదించగలవు.
- చర్మం తెల్లబరుస్తామనే కొన్ని క్రీముల్లో పాదరసం ఉంటుందని, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది.

చేయకూడనివి రెండు. తరగతిలో ఎవరి బరువూ, కొలతలూ తీయకండి. తిండి మానేసి చిక్కిపోయినవాళ్ల ఫొటోలు, వాళ్లు పాటించిన పద్ధతులు, కేలరీల లెక్కలు హెచ్చరికగా కూడా చూపించకండి. ఆ దారిలో ఇప్పటికే ఉన్న బిడ్డకు అవి చిట్కాలుగా పనికొస్తాయి.

## 5. మూడో తరగతి: సినిమా ప్రేమను లెక్కగట్టడం

ఆరింటిలోనూ ఎక్కువ మాటలు రాబట్టేది ఈ తరగతే. పిల్లలకు ఇష్టమైన సినిమాల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి ఒక్క వెక్కిరింపు చాలు, వాళ్లు ఎదురు తిరుగుతారు. నటుణ్ని గానీ, అభిమానుల్ని గానీ ఒక్క మాట అనకండి. దృశ్యాన్ని మాత్రమే విప్పండి.

శృంగార దృశ్యం అక్కర్లేదు. వెంటపడే దృశ్యం ఏదైనా ఒకటి, నిమిషంలోపుది తీసుకోండి. అబ్బాయి రోజూ దారికాస్తాడు, అమ్మాయి ముఖం తిప్పుకుంటుంది, స్నేహితులు ఈలలు వేస్తారు, చివర్లో ఆమె పెదవి మీద చిన్న నవ్వు. ఇలాంటివి వెతికితే చాలా దొరుకుతాయి.

మొదట మామూలుగా వేయండి. గది నవ్వుతుంది, నవ్వనివ్వండి.

రెండోసారి శబ్దం లేకుండా వేసి, అమ్మాయి ముఖం, చేతులు మాత్రమే చూడమనండి. బ్యాగు ఛాతీకి హత్తుకోవడం, నడక వేగం పెంచడం, వెనక్కి చూడటం ఇప్పుడు బయటపడతాయి. అది సరదా అని అప్పటిదాకా చెప్తూ వచ్చింది వెనక సంగీతం.

ఇప్పుడు లెక్క. నలుగురికో కాగితం ఇచ్చి నింపమనండి:

- ఆమె ఎన్నిసార్లు వద్దంది? మాటతో ఎన్నిసార్లు, ఒంటితో ఎన్నిసార్లు?
- వద్దన్నప్పుడు అతను ఎన్నిసార్లు ఆగాడు?
- ‘నీకు ఇష్టమేనా’ అన్న ప్రశ్న ఎన్నిసార్లు వచ్చింది?
- చుట్టూ ఉన్నవాళ్లు ఎవరి పక్షాన ఉన్నారు?
- చివర్లో బహుమతి ఎవరికి, దేనికి దక్కింది?

ఐదో గడి నింపేటప్పుడు గది నిశ్శబ్దమవుతుంది. ఆగకపోవడానికే బహుమతి దక్కిందని వాళ్లే రాస్తారు. ఆ మాట మీరు ముందే అనేస్తే తరగతి చెడుతుంది. పిల్లలు తేల్చుకోవలసిన దాన్ని మీ ఉపన్యాసంగా మార్చేసినట్టవుతుంది.

తర్వాత 15 నిమిషాలు తిరగరాయించండి. దృశ్యం అదే, మనుషులు వాళ్లే, షరతు ఒక్కటి: ఆమె మొదటిసారి వద్దన్నాక అతను ఏం చేస్తాడన్నది మారాలి, కానీ సినిమా బోరు కొట్టకూడదు. ఈ రెండో భాగం ముఖ్యం. సమ్మతి అడిగితే కథలో పస పోతుందని పిల్లలు నమ్ముతారు. పస పోకుండా రాయగలిగినప్పుడే ఆ నమ్మకం సడలుతుంది.

సమ్మతి గురించి ఇక్కడే స్పష్టంగా చెప్పండి. అది ఒత్తిడి లేకుండా ఇవ్వాలి, ఏ క్షణమైనా వెనక్కి తీసుకోవచ్చు, మత్తులో, నిద్రలో ఉన్నవాళ్లు ఇవ్వలేరు, మౌనం సమ్మతి కాదు. చట్టం ప్రకారం సమ్మతి వయసు దేశాన్నిబట్టి మారుతుంది. మీ దగ్గర ఎంతో కచ్చితంగా తెలుసుకుని చెప్పండి.

అబ్బాయిలను దోషుల్లా నిలబెట్టకండి. ఒక క్లిప్పు అబ్బాయి వద్దన్నదీ, అతణ్ని అందరూ ఎగతాళి చేసిందీ ఉండాలి. అబ్బాయి ఎప్పుడూ ‘సరే’ అనే తీరాలన్నది కూడా మీడియా నేర్పిన పాఠమే.

## 6. నాలుగో తరగతి: ఫోన్‌లో డాక్టర్లు

ఫీడ్ ఎలా పనిచేస్తుందో ఐదు నిమిషాల్లో చెప్పేయొచ్చు. ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగారో, ఏది మళ్లీ చూశారో, ఏది పంపారో లెక్కగట్టి అలాంటివే ఇంకొన్ని ముందు పెడుతుంది. అది నిజమా కాదా అన్నది ఆ లెక్కలో ముఖ్యం కాదు. కోపంతో ఆగి చూసినా ‘ఆగారు’ అనే లెక్కలోకే వస్తుంది.

అసలు సమయం సరిచూడటానికి ఇవ్వండి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చరిత్రకారులనూ, విద్యార్థులనూ, ఫ్యాక్ట్ చెకర్లనూ (నిజానిజాలు సరిచూడటమే పనిగా ఉన్నవాళ్లను) పోల్చి చూసినప్పుడు, ఫ్యాక్ట్ చెకర్లు పేజీలో పైనుంచి కిందికి చదువుతూ కూర్చోలేదు. వెంటనే కొత్త ట్యాబ్‌లు తెరిచి, ఈ పేజీ గురించి బయట ఎవరేమంటున్నారో వెతికారు. పిల్లలకు నేర్పాల్సిందీ ఈ అలవాటే. క్రమం ఇలా:

1. వీడియో ఆపండి. చెప్పినదాన్ని ఒక్క వాక్యంలో రాయండి.
2. చెప్పినవాళ్ల పేరు వేరే ట్యాబ్‌లో వెతకండి. చదువేమిటి, అమ్మేదేమిటి?
3. ఆ ఒక్క వాక్యాన్ని ఆరోగ్య సంస్థల పేజీల్లో రెండు చోట్ల వెతకండి.
4. రెండూ కలవకపోతే డాక్టర్‌ని గానీ నర్సుని గానీ అడగండి.

ఒక వాక్యానికి ఏడు నిమిషాలు చాలు. గుంపుకొక వాక్యం ఇవ్వండి. చివర్లో బోర్డు మీద సరైన విషయం మాత్రమే రాయండి. ‘అపోహ’ అని పెద్దక్షరాలతో తప్పును రాసి కింద దిద్దితే, కొందరికి ఆ పెద్దక్షరాలే గుర్తుండిపోవచ్చు.

15 దాటిన గుంపుకు బోర్డు మీదికి రావలసినవి:

- మొదటిసారి కలయికలోనూ గర్భం రావచ్చు.
- కండోమ్ ప్రతిసారీ సరిగ్గా వాడితే గర్భాన్ని 98 శాతం ఆపుతుంది. నిజజీవిత వాడకంలో అది దాదాపు 87 శాతం. ఆలస్యంగా తొడగడం, గడువు దాటినవి వాడటం, లేటెక్స్ కండోమ్‌కు నూనె రాయడం ఆ తేడాకు కొన్ని కారణాలు.
- అత్యవసర గర్భనిరోధక మాత్ర ఎంత త్వరగా వేసుకుంటే అంత పనిచేస్తుంది. లెవోనార్జెస్ట్రెల్ రకం మాత్రకు 72 గంటలు, యులిప్రిస్టల్ రకానికి 120 గంటలు గడువు. అప్పటికే వచ్చిన గర్భాన్ని అది తీసెయ్యదు, సుఖవ్యాధులను ఆపదు.
- సుఖవ్యాధులు చాలావాటికి పైకి లక్షణాలు ఉండవు. మనిషిని చూసి చెప్పలేం.
- హెచ్ఐవీ దోమకాటుతో, కలిసి తినడంతో, కౌగిలింతతో రాదు. సోకే అవకాశమున్న సంఘటన జరిగితే 72 గంటల్లోపు నివారణ మందులు మొదలుపెట్టాలి.
- గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా 9–14 ఏళ్ల వయసులో, అంటే లైంగిక జీవితం మొదలవకముందే, ఆడపిల్లలకు వేయించడం ముఖ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.
- హస్తప్రయోగం వల్ల ‘నరాల బలహీనత’ రాదు, వీర్యం ‘అయిపోదు’. ఆ మాటతో మందులు అమ్మేవాళ్లకు పిల్లల భయమే పెట్టుబడి.

చిన్న గుంపుకు ఇందులో సగం చాలు. రెండో తరగతిలో చెప్పిన యౌవన మార్పులతో పాటు టీకా, హెచ్ఐవీ ఎలా రాదో, ‘నరాల బలహీనత’ ప్రకటనలు.

## 7. ఐదో తరగతి: అశ్లీల వీడియోలు, ఫొటోలు, బెదిరింపులు

దృశ్యం గానీ, స్క్రీన్‌షాట్ గానీ, సైటు పేరు గానీ ఏదీ వాడకండి. ‘ఈ రోజుల్లో అందరూ చూస్తున్నారు’ అని మొదలుపెట్టకండి. చూడనివాళ్లు తామే వెనకబడ్డామనుకుంటారు. ‘కొందరికి కావాలనుకోకుండానే కనబడుతుంది, కొందరు వెతుకుతారు, కొందరు అసలు చూడరు’ అంటే గదిలో అందరికీ చోటు దొరుకుతుంది.

12–14 గుంపుకు మూడే మాటలు చెప్పండి: కనబడితే మూసెయ్యి, కనబడటం నీ తప్పు కాదు, నమ్మిన పెద్దవాళ్లకు చెప్పు. మిగతా సమయం ఫొటోల భద్రతకు వాడండి.

15–17 గుంపుతో నాలుగో ప్రశ్న తీయండి: ఏం వదిలేశారు? గుంపులుగా కూర్చుని జాబితా రాయమంటే సాధారణంగా ఇవి వస్తాయి. ముందు మాట్లాడుకోవడం, ‘నొప్పిగా ఉందా’ అని అడగడం, మధ్యలో ఆపడం, కండోమ్, వ్యాధి పరీక్షలు, తర్వాతి పలకరింపు. వాళ్లకు తట్టనివి మీరు కలపండి: ఏరి తెచ్చిన శరీరాలు, చాలాసేపు తీసి కత్తిరించి కలిపిన ముక్కలు, నొప్పిని ఆనందంలా నటించడం, కొన్నిటిలో ఉన్నవాళ్లు అసలు ఒప్పుకోలేదన్న నిజం. దీన్ని చూసి తన శరీరం సైజు గురించి, సమయం గురించి బెంగ పెట్టుకున్న బిడ్డకు ఈ జాబితా ఏ ధైర్యవచనం కన్నా పనికొస్తుంది.

తర్వాత ఫొటోలు. 18 ఏళ్లలోపు వాళ్ల నగ్న ఫొటోలు తీయడం, దాచడం, పంపడం చాలా దేశాల్లో నేరం. తమ ఫొటో తామే తీసుకున్నా చిక్కు రావచ్చు. కృత్రిమ మేధతో ముఖం అతికించిన నకిలీ ఫొటో కూడా అంతే హాని చేస్తుంది. ఇది చెప్పి ఆపేస్తే, ఇప్పటికే పంపేసిన బిడ్డ ఇక ఎవరికీ చెప్పదు. అందుకే ‘పంపొద్దు’ మీద ఐదు నిమిషాలు, ‘జరిగిపోతే ఏం చేయాలి’ మీద పదిహేను నిమిషాలు పెట్టండి.

ఎవరైనా ఫొటో పట్టుకుని బెదిరిస్తే, వరసగా:

1. డబ్బు ఇవ్వకూడదు, ఇంకో ఫొటో పంపకూడదు. ఇస్తే బెదిరింపు ఆగదు, ధర పెరుగుతుంది.
2. చాట్ చెరిపెయ్యకూడదు. అవతలివాళ్ల యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింకు, తేదీ, సమయం రాసి పెట్టుకోవాలి.
3. ఆ తర్వాతే బ్లాక్ చేయాలి, యాప్‌లో రిపోర్ట్ చేయాలి.
4. అదే రోజు ఒక పెద్దవాళ్లకు చెప్పాలి, వాళ్లతో కలిసి పోలీసులకు ఫిర్యాదు చేయాలి.
5. 18 లోపు ఉన్నప్పుడు తీసిన ఫొటోలైతే ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో అక్కడికి వెళ్లదు, దాని డిజిటల్ వేలిముద్ర మాత్రమే వెళ్తుంది. ఆ సేవతో ఒప్పందంలో ఉన్న యాప్‌లు, సైట్లు దాని సాయంతో ఫొటోను గుర్తించి తీసేయగలవు. 18 దాటాక తీసినవాటికి ‘స్టాప్ ఎన్‌సీఐఐ’ ఉంది.

పెద్దవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. ‘చూపించు’ అని అడిగి ఫొటో చూడటం, సాక్ష్యమని తమ ఫోన్‌లోకి పంపించుకోవడం. రెండూ వద్దు. బిడ్డకు అది రెండో అవమానం, మీకు చట్టపరమైన చిక్కు. ఫొటో ఏ ఫోన్‌లో ఉందో అక్కడే ఉంచి, ఫోన్‌తో సహా ఫిర్యాదుకు వెళ్లండి.

ఎవరైనా వచ్చి మీతో చెప్పుకుంటే ఈ నాలుగు మాటలు చాలు: ‘చెప్పి మంచి పని చేశావు. ఇందులో నీ తప్పు లేదు. ఇది మనిద్దరి మధ్యే ఉంచలేను, కానీ ఎవరికి చెప్తున్నానో ముందు నీకే చెప్తాను. ఈ రాత్రి ఇంట్లో నీకు భయం లేదు కదా?’ వివరాల కోసం గుచ్చి గుచ్చి అడగకండి. ఆ పని తెలిసినవాళ్లు వేరే ఉంటారు.

## 8. ఆరో తరగతి: నోటితో అనిపించడం

తెలిసిన జవాబు ఒత్తిడిలో నోటికి రాదు, అందుకే సాధన కావాలి. జంటలుగా నిలబెట్టి, ఒక్కో ఒత్తిడికి జవాబు బయటికి అనిపించండి. ‘నమ్మకం ఉంటే ఫొటో పంపు’, ‘అందరూ వేప్ (ఈ-సిగరెట్) తాగుతున్నారు, నువ్వొక్కదానివే’, ‘ఈ పొడి వాడితే నెలలో కండలు’. జవాబు ఒక్క వాక్యం దాటకూడదు, సంజాయిషీ ఉండకూడదు. ‘పంపను. ఇంకో మాట మాట్లాడదాం’ అంటే చాలు. కారణం చెప్తే అవతలివాళ్లు ఆ కారణంతో వాదన పెట్టుకుంటారు.

మిగతా సగంలో ముప్పై సెకన్ల ఎదురు ప్రకటన, అంటే ఏదో ఒక ప్రకటన వదిలేసినదాన్ని చెప్పేది, తయారుచేయించి, మొదటి రోజు పరీక్ష మళ్లీ పెట్టండి.

## 9. తరగతి ఎక్కడ చెడుతుంది, ఎలా సర్దుకోవాలి

భయపెట్టడం. పుండ్ల ఫొటోలు, చావు లెక్కలు చూపిస్తే పిల్లలు కళ్లు మూసుకుంటారు, చెవులు కూడా. పైగా ఫొటోలో ఉన్నట్టు తమకు లేదు కాబట్టి వ్యాధి లేదనుకుంటారు. పరీక్ష ఎక్కడ చేస్తారో చెప్పడం అంతకన్నా ఉపయోగం.

అమ్మాయిలకు జాగ్రత్తలు, అబ్బాయిలకు జోకులు. పాఠం ఇద్దరికీ ఒకటే ఉండాలి. విడిగా అడగాల్సినవి ఉంటాయి కాబట్టి చివరి పది నిమిషాలు వేరు చేయొచ్చు.

గది మొత్తం నవ్వుల్లో పడటం. కోప్పడకండి. ‘కొత్త మాట కదా, నవ్వొస్తుంది. అర నిమిషం నవ్వుదాం’ అని గడియారం చూడండి. అర నిమిషం చాలా పొడుగని వాళ్లకే తెలుస్తుంది.

మీ సొంత విషయాలు అడగటం. ‘మీరు ఎప్పుడు...’ అని ఎవరో ఒకరు అంటారు. ‘ఈ గదిలో ఎవరి సొంత విషయాలూ అడగం, నావి కూడా’ అని అదే గొంతుతో ముందుకు వెళ్లండి.

జవాబు తెలియకపోవడం. ఊహించి చెప్పకండి. ప్రశ్నను బోర్డు మూల రాసి, వచ్చే వారం జవాబుతో రండి. మర్చిపోతే పెట్టె ఖాళీ అవుతుంది.

## 10. మూడు నెలల తర్వాత

పిల్లలు ఎప్పుడూ చూడని క్లిప్పు ఒకటి వేసి, ఐదు ప్రశ్నల అట్ట పెట్టకుండా ‘ఏం గమనించారో ఐదు వాక్యాలు రాయండి’ అనండి. ‘ఏం వదిలేశారు’ అన్న ప్రశ్నకు ఎంతమంది తమంతట తామే జవాబు రాశారో లెక్కపెట్టండి. సగం కూడా లేకపోతే మూడో తరగతి కొత్త క్లిప్పుతో మళ్లీ పెట్టండి.

ప్రశ్నల పెట్టెను అక్కడి నుంచి తీసేయకండి. వారానికోసారి తాళం తీసి చూడండి.